వానాకాలం ఉత్తరాలు: డెంగీ, చికున్‌గున్యా, మెదడువాపు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక భాగం జ్వరాల గురించే. వానలు పట్టుకున్నాయి కదా, మామూలే. అందుకే షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు తోసేసి, ఈ పేజీలన్నీ దోమలూ ఈగలూ మోసుకొచ్చే వైరస్ జ్వరాలకే ఇచ్చేశాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే ఒక ఉత్తరమే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు. ఇంట్లో ఇప్పుడు ఎవరైనా జ్వరంతో ఉంటే ఈ పత్రిక పక్కన పడేసి ముందు డాక్టరుకు చూపించండి, ఇది తర్వాతైనా చదువుకోవచ్చు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. డెంగీ అన్నారు. నాలుగు రోజులు ఒళ్లు కాలిపోయింది, ఐదో రోజు జ్వరం దిగింది. హమ్మయ్య అనుకునేలోపే ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయాయి, వెంటనే ఎక్కించాలి, దాతల్ని తెచ్చుకోండి అన్నారు. మా బావమరుదులిద్దరూ రాత్రికి రాత్రి బండి మీద వచ్చారు. ఎక్కించారు, పిల్లాడు బాగానే ఉన్నాడు. కానీ మా పక్కింటి అమ్మాయికి 30 వేలే ఉన్నా వేరే ఆసుపత్రిలో ఏమీ ఎక్కించకుండానే ఇంటికి పంపించారు. ఇద్దరిలో ఎవరు చేసింది కరెక్టు?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: పిల్లాడు కోలుకున్నాడు, సంతోషం. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పక్కింటి అమ్మాయిని చూసిన డాక్టరే కరెక్టు. ఒంట్లో ఎక్కడా రక్తం కారకపోతే 48 వేలకు ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని లేదు. మన దేశంలో డెంగీ వైద్యానికి ఉన్న జాతీయ మార్గదర్శకాలు కూడా, రక్తస్రావం లేని మనిషికి పది వేల కంటే కిందికి పడితేనే ఆ ఆలోచన చేయమంటాయి. ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా ఆ జబ్బులో ఎక్కువసేపు నిలవవు. పైగా ఊరికే ఎక్కించుకుంటే దద్దుర్లు, చలివణుకు రావచ్చు, కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. డెంగీలో పడిపోయిన ప్లేట్‌లెట్లు చాలామందికి రెండుమూడు రోజుల్లో వాటంతట అవే పైకి లేస్తాయి. అలా లేచే రోజే మనం ఎక్కించి ఉంటే ఎక్కించడం వల్లే లేచాయనుకుంటాం.

ఇంతకీ డెంగీలో మనుషుల ప్రాణాలు తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల లెక్క కాదండీ. ఈ వైరస్ దెబ్బకు సన్నని రక్తనాళాల గోడలు వదులైపోయి, రక్తంలో ఉండే నీరు బయటికి ఊరిపోతుంది, పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఇది ఎప్పుడు జరుగుతుందంటే, సరిగ్గా జ్వరం దిగే సమయంలో. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఒకటి రెండు రోజులపాటు. అంటే మనం హమ్మయ్య అనుకుని, పిల్లాడికి అన్నం తినిపించి పడుకోబెట్టే రోజే కళ్లు తెరుచుకుని కూర్చోవాల్సిన రోజు.

మీ అబ్బాయి రిపోర్టు ఇంకా ఇంట్లో ఉంటే తీసి చూడండి. ప్లేట్‌లెట్ల వరుసకు కొంచెం పైనో కిందో పీసీవీ అనో, హెమటోక్రిట్ అనో ఒక అంకె ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. మొదటి రోజు అది 36 ఉండి, ఐదో రోజుకు 44 అయిందనుకోండి, రక్తం చిక్కబడుతోందని అర్థం. అలాంటప్పుడు ప్లేట్‌లెట్లు 80 వేలున్నా నేను భయపడతాను. అదే పీసీవీ నిలకడగా ఉండి, పిల్లాడు మజ్జిగ తాగుతూ, నాలుగైదు గంటలకోసారి మూత్రానికి వెళ్తూ ఉంటే 30 వేలున్నా అంత టెన్షన్ పడను.

ఇంట్లో ఉన్నవాళ్లు గమనించాల్సినవి చెప్తాను. పొట్టలో నొప్పి తగ్గకుండా ఉండటం, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మనిషి మగతగా ఉండటం లేదా ఉన్నట్టుండి చిరాకు పడిపోతూ కుదురుగా ఉండలేకపోవడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, అరచేతులు చల్లబడటం. వీటిలో ఒక్కటి కనబడినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అక్కడ ముఖ్యంగా కావాల్సింది సెలైన్, అది కూడా లెక్క ప్రకారం, గంటగంటకూ చూసుకుంటూ. ఎక్కువ ఎక్కిస్తే అదో ప్రమాదం, ఎందుకంటే తర్వాత రెండు రోజుల్లో బయటికి ఊరిన నీరంతా మళ్లీ రక్తంలోకి వచ్చేస్తుంది, అప్పుడు ఆయాసం పట్టుకుంటుంది.

అవసరం లేకుండా ఎక్కించిన ఆసుపత్రుల తప్పు లేదని అనను. కానీ వార్డు బయట బంధువుల మాటలు విన్నారా ఎప్పుడైనా? "మీవాడికి ఎంతున్నాయి?" "ఇరవై రెండు." "అయ్యో, మాకు నలభై." ఆ అంకె చుట్టూ అంత భయం పేరుకున్నాక, ఎక్కించకుండా ఊరుకున్న డాక్టరు పట్టించుకోనివాడు అయిపోతాడు, ఏదైనా జరిగితే దెబ్బలు కూడా తింటాడు.

ప్రశ్న: బొప్పాయి ఆకు రసం పోస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయట కదా? మా అత్తగారు పొద్దున, సాయంత్రం గ్లాసుడు తాగించమంటున్నారు. కివీ పండ్లు కూడా తెమ్మంటున్నారు, ఒక్కోటి ఎంత రేటుందో!
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: బొప్పాయి ఆకు మీద కొన్ని చిన్న పరిశోధనలు జరిగాయమ్మా, అంకె కాస్త ముందుగా పెరిగిందని వాటిలో కొన్ని చెప్పాయి. మనిషి ప్రాణాన్ని కాపాడిందనీ, రక్తం చిక్కబడటాన్ని ఆపిందనీ ఏదీ తేల్చలేదు. అసలు చిక్కేమిటంటే అది కటిక చేదు, అసలే కడుపులో తిప్పుతున్న మనిషి అది తాగి ఉన్న నీళ్లు కూడా కక్కేస్తాడు. మీ అత్తగారితో గొడవెందుకు, ఒక చెంచా పోసి ఊరుకోండి, వాంతి వస్తే అదీ మానేయండి. కివీకి పెట్టే డబ్బుతో ఓఆర్‌ఎస్ పొట్లాలూ కొబ్బరిబొండాలూ తెచ్చుకోవచ్చు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, రాగిజావ, ఏది సయిస్తే అది, గుక్కగుక్కగా రోజంతా.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకేమీ వద్దు. బ్రూఫెన్ (ఇబుప్రొఫెన్), డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, ఇవన్నీ డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పులకు వేయించుకునే ఇంజెక్షన్ సాధారణంగా ఆ డైక్లోఫెనాకే. "ఒక్క సూదేస్తే పొద్దున్నకల్లా లేచి కూర్చుంటాడు" అన్నారంటే ఆ సూదిలో ఏముందో అడగండి.

ప్రశ్న: డెంగీ వచ్చిన మనిషి కంచంలో తింటే, పక్కన పడుకుంటే మనకు అంటుకుంటుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అంటుకోదు. కానీ ఆ మనిషిని కుట్టిన దోమ ఓ పది రోజుల తర్వాత మిమ్మల్ని కుడితే వస్తుంది. అందుకే జ్వరంతో ఉన్న మనిషిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి.

ప్రశ్న: మా కాలనీలో ఇంటికొకరు డెంగీతో పడ్డారు. వార్డు ఆఫీసుకు పదిసార్లు ఫోన్ చేస్తే ఒక్కసారి పొగ బండి వచ్చింది, అది కూడా మెయిన్ రోడ్డు మీదే తిరిగి వెళ్లిపోయింది. రోజూ పొగ కొట్టిస్తే ఈ పీడ విరగడవుతుంది కదా, ఎందుకు కొట్టరు? పన్నులు కట్టడం లేదా మేము?
– కాలనీ సంక్షేమ సంఘం సభ్యులు, హైదరాబాద్

జవాబు: పన్నుల విషయంలో మీ కోపం న్యాయమే. కానీ పొగ బండి కోసం అంత పట్టుబట్టకండి. డెంగీ దోమ, అదే కాళ్ల మీద తెల్ల చారలుండే ఏడిస్, సాయంత్రం రోడ్డు మీద తిరిగే రకం కాదు. అది మీ ఇంట్లోనే ఉంటుంది, మంచం కింద, తలుపు వెనకాల తగిలించిన చొక్కాల మధ్య, కర్టెన్ మడతల్లో. పొద్దున పిల్లలు స్కూలుకు తయారయ్యే వేళ, మళ్లీ సాయంత్రం చీకటి పడకముందు కుడుతుంది. పొగ బండి వచ్చేసరికి మనం చేసే మొదటి పని ఏమిటి? కిటికీలు మూసేయడం. ఆ పొగ ఆ నిమిషంలో గాలిలో ఎగురుతున్న దోమలను మాత్రమే చంపుతుంది, నీళ్లలో ఉన్న తోకపురుగులను ఏమీ చేయదు. మర్నాటికి కొత్త దోమలు రెక్కలు విదిలించుకుని వస్తాయి. ఒక వీధిలో కేసులు బయటపడినప్పుడు ఆ ఇళ్ల లోపల మందు కొట్టడం వల్ల కొంత ఉపయోగం ఉంది. ఊరంతా రోడ్ల మీద పొగ తిప్పడం మాత్రం, నా ఉద్దేశంలో, కార్పొరేటరు గారు ఏదో చేస్తున్నారని జనానికి కనబడటానికే ఎక్కువ.

ఈ దోమ మురుగు కాలువలో పుట్టదు. మంచి నీళ్లు కావాలి దానికి. డ్రమ్ములు, కూలర్లు, ఫ్రిజ్ వెనకాల ట్రే, పూలకుండీ కింది పళ్లెం, డాబా మీద పడేసిన టైరు, వాడటం మానేసి పెరట్లో పెట్టిన పాత రోలు. గుడ్లను నీళ్లలో వదలదు, నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. మీరు డ్రమ్ము వంచి నీళ్లు పారబోసినా గుడ్లు గోడకు అలాగే ఉంటాయి, ఎండిపోయి నెలల తరబడి ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి పారబోస్తే చాలదు, పీచు పెట్టి గోడలు గట్టిగా తోమాలి. గుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో వారం నుంచి పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి, శుక్రవారం డ్రై డే అని పెట్టారు. అది ఊరికే పెట్టిన లెక్క కాదు.

ఇక్కడ ప్రభుత్వాన్ని కూడా ఒక మాట అనాలి. రెండు రోజులకోసారి గంటసేపు నల్లా వదిలే ఊళ్లో, ఆ నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుని దాచుకున్న ఆడవాళ్లకు "నీళ్లు నిల్వ ఉంచకండి" అని కరపత్రం పంచడం నాకెప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది. నీళ్లు రోజూ వస్తే ఎవరు దాచుకుంటారు? మన దేశంలో డెంగీ ఇంతగా పెరగడానికి దోమ ఎంత కారణమో, పెరిగిన పట్టణాలకు సరిపడా పైపులు లేకపోవడం, చెత్త ఎత్తకపోవడం అంతే కారణం. మీ సంఘం తరఫున పొగ బండి కోసం పదిసార్లు ఫోన్ చేసే బదులు నల్లా టైమింగుల మీద ఒక అర్జీ పెట్టండి. ఈలోగా డ్రమ్ముల మీద పాత చీర రెండు మడతలు వేసి తాడుతో బిగించి కట్టండి. మూత ఉంటే సందు లేకుండా చూసుకోండి. తోమడానికి వీల్లేని పెద్ద సంపులో వేయడానికి తోకపురుగులను చంపే అబేట్ మందు ఉంటుంది, మలేరియా విభాగం వాళ్లను అడిగితే వాళ్లే కొలత ప్రకారం వేస్తారు.

ప్రశ్న: మాది ఏజెన్సీ ప్రాంతం. మలేరియా దోమా, డెంగీ దోమా ఒకటేనా? రెండింటికీ ఒకే మందు వాడొచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: కాదు మాస్టారూ. మలేరియాను మోసేది అనాఫిలిస్, అది రాత్రి కుడుతుంది. ఆ సంగతి లోకానికి తెలిసింది కూడా మన సికింద్రాబాద్‌లోనే, 1897లో రొనాల్డ్ రాస్ అక్కడే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియా వైరస్ కాదు, దానికి దాన్ని చంపే మందులున్నాయి. డెంగీకి అలా వైరస్‌ను చంపే మందు లేదు. మీ దగ్గర జ్వరం అనగానే ముందు మలేరియా రక్తపరీక్ష చేయించడం మానకండి, రెండూ ఒకేసారి ఉన్నవాళ్లు కూడా ఉంటారు.

ప్రశ్న: 2006లో మా ఊరంతా చికున్‌గున్యాతో మంచాన పడ్డాం సార్. ఇల్లు ఊడ్చడానికి కూడా మనిషి లేడు. అప్పట్నుంచి నాకు చలికాలం వస్తే వేళ్లూ, మడమలూ పట్టేస్తాయి. అది ఒంట్లోనే ఉండిపోయిందా? మళ్లీ వస్తుందా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఆ ఏడాది గుర్తులేని రాయలసీమ ఇల్లు ఉండదేమో. అదేమీ కొత్త వైరస్ కాదు. 1963లో కలకత్తాలో, ఆ తర్వాత మద్రాసులో, మన విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలో చుట్టబెట్టింది. 1973లో మహారాష్ట్రలోని బార్సీలో కనబడ్డాక ముప్పై ఏళ్లకు పైగా దాని ఊసే లేదు, పోయిందనే అనుకున్నారు అందరూ. 2005 చివర్లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్లీ తలెత్తింది, ఈసారి ఆఫ్రికా నుంచి వచ్చిన వేరే రకం. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. లెక్కకు రానివి ఎన్నో మీకే తెలుసు, మీ ఊళ్లో ఎంతమంది రక్తపరీక్ష చేయించుకున్నారు చెప్పండి? ముప్పై ఏళ్లు రాకపోయేసరికి ఊళ్లకు ఊళ్లు దాన్ని ఎదుర్కొనే శక్తి లేని జనంతో నిండిపోయి ఉన్నాయి, అందుకే ఒక్కసారిగా అంటుకుపోయింది.

ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు. నొప్పి సంగతికొస్తే, కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు కూడా కీళ్లు పట్టేయడం నిజమే. అయితే ఇన్నేళ్ల తర్వాత కూడా పొద్దున లేవగానే వేళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోతున్నా, వాపు ఉన్నా అన్నింటినీ చికున్‌గున్యా మీదే నెట్టేయకండి. కీళ్లవాతం అయి ఉండొచ్చు, దానికి మంచి మందులున్నాయి. అనంతపురం పెద్దాసుపత్రిలో చూపించుకోండి. నొప్పి లేచినప్పుడల్లా స్టెరాయిడ్ సూదులు వేయించుకుంటుంటే మాత్రం ఈరోజే ఆపించే పని చూడండి, అది కూడా ఒక్కసారిగా కాదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ.

ప్రశ్న: 2003 ఎండాకాలం చివర్లో మా అన్న కొడుకు చనిపోయాడు. ఏడేళ్లవాడు. పొద్దున జ్వరం, మధ్యాహ్నం ఫిట్స్, రాత్రికి లేడు. మెదడువాపు అన్నారు, ఏదో వైరస్ అన్నారు, మాకు సరిగా తెలియలేదు. ఈమధ్య గుజరాత్‌లో చండీపురా అని టీవీలో చూస్తే అవే లక్షణాలు. అదేనా ఇది? ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు.
– ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: ఒక్క పిల్లాడి విషయంలో కాగితాలు చూడకుండా ఇదీ అని చెప్పలేనమ్మా, కానీ మీరు చెప్పిన కాలం, జిల్లా, వయసు, ఆ వేగం అన్నీ దానికే సరిపోతున్నాయి. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు ఇలాగే మెదడువాపు వచ్చింది, 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ వైపే ఎక్కువ. మొదట్లో అందరూ జపనీస్ మెదడువాపే అనుకున్నారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వాళ్లు పిల్లల నమూనాలు పరీక్షిస్తే చండీపురా అని తేలింది. నాగపూర్ దగ్గర ఉన్న ఊరు పేరు అది, 1965లో అక్కడ జ్వరమొచ్చిన వాళ్ల రక్తంలో మొదట దొరికింది. ముప్పై ఎనిమిదేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోని వైరస్ మన ఊళ్లలో ఒక్క వానాకాలంలో అంత పని చేసింది. 2024లో గుజరాత్‌లోనూ, చుట్టుపక్కలా వచ్చింది అదే, ఆగస్టు సగానికి 64 మందికి పరీక్షల్లో ఖాయమైంది. మొత్తం మెదడువాపు కేసులు 245, చావులు 82.

ఇది ముఖ్యంగా వ్యాపించేది దోమ వల్ల కాదు, ఇసుక ఈగ వల్ల. దోమలో మూడో వంతు ఉంటుందేమో, గోధుమ రంగు, ఒంటి నిండా నూగు, చప్పుడు చేయదు. ఎక్కువ ఎత్తు ఎగరలేదు, గంతులు వేసుకుంటూ పోతుంది. పగలు మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టంలో, తేమగా చీకటిగా ఉన్న మూలల్లో దాక్కుని రాత్రి కుడుతుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరిపోతుంది, కాబట్టి మందు పూసిన దోమతెర కావాలి, లేదా బాగా సన్నటి నేత ఉన్నది. పిల్లల్ని నేల మీద కాకుండా మంచం మీద పడుకోబెట్టండి. గోడల పగుళ్లు మెత్తండి, పేడకుప్పను ఇంటి గోడకు దూరంగా జరపండి. ఇళ్లలో గోడలకు మందు కొట్టడానికి వస్తే వద్దనకండి, డెంగీ దోమ సంగతి వేరు, ఈ ఈగకు గోడ మీద మందు బాగా పనిచేస్తుంది.

దీనికి టీకా లేదు, వైరస్‌ను చంపే మందూ లేదు. మీ ఇద్దరు పిల్లల గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను: జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చినా, వాంతులై మత్తులోకి జారుతున్నా ఊళ్లో ఎవరికీ చూపించకుండా, ఎవరి సలహా కోసం ఆగకుండా 108కు ఫోన్ చేసి పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ ఆపడం, మెదడులో వాపు తగ్గించడం, ఊపిరి నిలబెట్టడం, ఇవి గంటల్లో జరగాలి. 2003లో పోయిన పిల్లల్లో చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు.

ప్రశ్న: మా ఊరి చివర పందులు పెంచుతున్నారు. వాటివల్ల పిల్లలకు మెదడువాపు వస్తుందని ఊరంతా వాళ్లమీద గొడవకు దిగింది. నిజంగా పందుల వల్లేనా?
– ఒక యువకుడు, కర్నూలు జిల్లా

జవాబు: సగం నిజం. జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల్లో, పందుల్లో ఉంటుంది, పంది ఒంట్లో బాగా పెరుగుతుంది, దానికి మాత్రం మామూలుగా ఏమీ కాదు. వరి మళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ పందిని కుట్టి, తర్వాత పిల్లల్ని కుడితే వస్తుంది. మనిషి నుంచి మనిషికి రాదు. పంది మాంసం తింటే రాదు. పందులను ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో పెడితే మంచిదే, అది పంచాయతీ స్థలం చూపించి చేయాల్సిన పని, ఆ పెంపకం మీద బతికేవాళ్లను తరిమేసి చేయాల్సింది కాదు. కొంగలను ఎలాగూ తరమలేరు కదా.

ఈ వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒకరికే మెదడువాపు దాకా వస్తుంది, కానీ అలా వచ్చినవాళ్లలో చావులు ఎక్కువ, బతికినవాళ్లలో కూడా చాలామందికి మాట, నడక, బుద్ధి దెబ్బతింటాయి. దీనికి టీకా ఉంది, అదీ తేడా. 2005లో ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ చుట్టుపక్కల వెయ్యి మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, చనిపోయాక మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వం ఆ వ్యాధి ఉన్న జిల్లాల్లో వేయడం మొదలుపెట్టింది. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర వయసులో ఇంకొకటి. మీ జిల్లాలో వేస్తున్నారో లేదో ఏఎన్‌ఎంను అడిగి, పిల్లల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. ఊరివాళ్లు గొడవకు పెట్టే ఓపికలో సగం ఆ కార్డుల మీద పెట్టినా బాగుంటుంది.

ప్రశ్న: మా వీధిలోనే అరడజను మందికి డెంగీ. పేపర్లో మాత్రం జిల్లా మొత్తం మీద పది, పదిహేను కేసులని వేస్తారు. ప్రభుత్వం దాచిపెడుతోందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కొన్నిచోట్ల దాచడమూ ఉంటుంది, కాదనను. కానీ అసలు కారణం పరీక్షల్లో ఉంది. మీ వీధిలో వాళ్లకు ల్యాబులో చేసింది చాలావరకు కార్డు టెస్టు, పావుగంటలో గీత కనబడేది. ప్రభుత్వం దాన్ని అనుమానిత కేసుగానే తీసుకుంటుంది, ఎలైజా పరీక్షలో పాజిటివ్ వస్తేనే ఖాయం చేసుకుంటుంది. ఆ ఎలైజా పరీక్ష ప్రభుత్వం గుర్తించిన కొన్ని పెద్దాసుపత్రుల్లోనే జరుగుతుంది. ప్రైవేటు ఆసుపత్రులు నమూనా అక్కడికి పంపకపోతే ఆ మనిషి లెక్కలోకే రాడు. ఇక ఇంట్లోనే పారాసెటమాల్ వేసుకుని కోలుకున్నవాళ్ల సంగతి సరే సరి. 2023లో దేశం మొత్తానికి అధికారిక లెక్క 2,89,235 కేసులు, 485 చావులు. 2013లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో ఏటా లక్షణాలతో డెంగీ వచ్చేవాళ్లు సుమారు 3 కోట్ల 30 లక్షలు. అంచనా కాస్త అటూ ఇటూ అయినా తేడా చూడండి. కేసులు తక్కువ కనబడితే మందులకు, సిబ్బందికి, పరీక్షల కిట్లకు వచ్చే డబ్బూ తక్కువే, అందుకే ఈ లెక్క గురించి మీరు అడగడం మంచిదే.

కార్డు టెస్టు చేయించుకునేవాళ్లకు ఒక సంగతి: ఎన్‌ఎస్1 అనేది వైరస్ ప్రోటీన్, జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లోపే బాగా కనబడుతుంది, వైరస్ మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ ఐజీఎం ఐదో రోజు తర్వాతే. ఆరో రోజున ఎన్‌ఎస్1 చేయించి నెగిటివ్ వచ్చిందని డెంగీ కాదనుకోకండి.

ప్రశ్న: కరోనాకు ఏడాదిలో టీకా వచ్చింది, డెంగీకి ఇన్నేళ్లయినా ఎందుకు రాలేదు?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: డెంగీలో నాలుగు రకాలున్నాయమ్మా. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాదు, కానీ తర్వాత ఇంకో రకం వస్తే కొందరికి మొదటిసారి కంటే ముదురుతుంది. మొదటిసారి తయారైన యాంటీబాడీలే రెండో రకం వైరస్‌ను కణాల్లోకి చేరవేస్తాయి. కాబట్టి టీకా నాలుగింటికీ సమానంగా పనిచేయాలి, లేదంటే కొందరికి టీకానే మొదటి డెంగీలా పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్‌లో ఇదే జరిగింది. 2016లో బడిపిల్లలకు డెంగ్‌వాక్సియా అనే డెంగీ టీకా వేయడం మొదలుపెట్టారు, ఎనిమిది లక్షల మందికి పైగా వేశారు. అంతకుముందు ఎప్పుడూ డెంగీ రాని పిల్లలకు ఆ టీకా వల్ల తర్వాత వచ్చే జ్వరం ముదిరే ప్రమాదముందని 2017 చివర్లో కంపెనీయే ఒప్పుకుంది. కార్యక్రమం ఆపేశారు, కేసులు పెట్టారు, దేశం అట్టుడికిపోయింది. దాని దెబ్బ ఎక్కడిదాకా పోయిందంటే, తట్టు టీకా కూడా వద్దని తల్లులు పిల్లల్ని దాచుకున్నారు, తర్వాత తట్టు విరుచుకుపడింది. అందుకే ఇప్పుడు అందరూ ఆచితూచి అడుగేస్తున్నారు.

మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), పనేషియా బయోటెక్ కంపెనీ కలిసి డెంగిఆల్ అనే ఒక్క డోసు టీకాపై 2024 ఆగస్టులో మూడో దశ ప్రయోగం మొదలుపెట్టాయి, పది వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద. టీకా వేసినవాళ్లను రెండేళ్లపాటు గమనించాలి, తొందరపెడితే లాభం లేదు. 2017–18లో ఐసీఎంఆర్ చేసిన రక్తపరీక్షల సర్వేలో దక్షిణ భారతంలో 76.9 శాతం మందికి అప్పటికే ఎప్పుడో ఒకప్పుడు డెంగీ వచ్చిపోయినట్టు తేలింది. అంటే ఇది చదువుతున్నవాళ్లలో చాలామందికి తెలియకుండానే ఒక రకం అయిపోయి ఉంటుంది.

ప్రశ్న: సెలవులకు పిల్లల్ని తీసుకుని జులైలో హైదరాబాద్ వస్తున్నాం. అమ్మవాళ్లింట్లో నెలన్నర ఉంటాం. ఇక్కడ ఏమైనా టీకా వేయించుకుని రావాలా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: డెంగీకి అక్కడ ప్రయాణికులకిచ్చే టీకా ఏదీ లేదు. దోమలను దగ్గరికి రానివ్వని డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న క్రీము తెచ్చుకుని పగలే రాయండి, రాత్రికి మాత్రమే కాదు. నిండు చేతుల బట్టలు వేయండి. ఉక్కపోతకు పిల్లలు ఊరుకోరు, తెలుసు. తిరిగి వెళ్లాక రెండు వారాల్లోపు జ్వరం వస్తే అక్కడి డాక్టరుకు ఇండియా వెళ్లొచ్చామని ముందే చెప్పండి, లేకపోతే ఫ్లూ అని పంపించేసి, ఇబుప్రొఫెన్ వేయమంటారు.

ప్రశ్న: నేను మా అపార్ట్‌మెంటు సెక్రటరీని. పక్కనే కొత్త బిల్డింగు కడుతున్నారు, శ్లాబు మీద ఎప్పుడూ నీళ్లు నిలిపి ఉంచుతారు. మా సెల్లార్‌లో కూడా ఊట. మేము ఎంత శుభ్రంగా ఉన్నా ఏం లాభం?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లాభం ఉంది, ఎందుకంటే ఏడిస్ దోమ సాధారణంగా రెండు మూడు వందల మీటర్లకు మించి పోదు. అంటే మీ ప్రహరీ లోపలా, ఆ పక్క బిల్డింగులోనే మీ సమస్య అంతా. శ్లాబుకు నీళ్లు పెట్టడం ఆపమనలేం, కానీ నీళ్లు నిలగట్టే బదులు గోనెసంచులు పరిచి తడపమనండి, మేస్త్రీలకు తెలిసిన పద్ధతే. కూలీల షెడ్ల దగ్గర నీళ్ల డ్రమ్ములకు మూతలు మీ సంఘమే కొనిచ్చినా పెద్ద ఖర్చు కాదు, జ్వరం ముందు పట్టుకునేది ఆ షెడ్లలో పిల్లలకే. అప్పటికీ బిల్డరు వినకపోతే మున్సిపాలిటీలో దోమల సంగతి చూసే ఎంటమాలజీ విభాగానికి ఫోటోతో ఫిర్యాదు చేయండి, నోటీసు ఇచ్చే అధికారం వాళ్లకుంది.

సెల్లార్ ఊటకు మోటారు పెట్టి ఎప్పటికప్పుడు తోడించండి. ఇక ఎవరూ చూడని చోటు ఒకటుంది, లిఫ్టు కింద గుంత. వానాకాలంలో అందులో నీళ్లు చేరితే నెలల తరబడి అలాగే ఉంటాయి, అక్కడ పుట్టిన దోమలు లిఫ్టుతో పాటే ఐదో అంతస్తుకు వచ్చేస్తాయి. లిఫ్టు సర్వీసు మనిషి ఈసారి వచ్చినప్పుడు ఆ గుంత తెరిపించి టార్చి వేసి చూడండి. ఓవర్‌హెడ్ ట్యాంకు మూతలు, డాబా మీద పైపు చివరలకు జాలీ, ఊరెళ్లిన వాళ్ల ఫ్లాట్ల బాల్కనీల్లో మొక్కల కింద పళ్లేలు, ఇవి కూడా అదే రోజు చూసేయండి. తాళం వేసి వెళ్లినవాళ్లు బాత్రూం కమోడ్ మూత వేసి వెళ్లేలా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి.